పెట్రోలు పోసిన పుస్తకాల బండి

మా బాబాయి పుస్తకాల బండి నడిపేవాడు. అది మా ఊరి గ్రంథాలయం వాళ్ల వ్యాను. లోపల రెండు వైపులా అరలు, పుస్తకాలు జారిపోకుండా వాటికడ్డంగా తోలుపట్టీలు, ఎక్కడానికి వెనక రెండు మెట్లు. సెలవుల్లో నన్నూ ఎక్కించుకునేవాడు. పాత కాగితం, డీజిలు కలిసిన ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నేను మళ్లీ పదేళ్లదాన్నైపోతాను.

నేను ఎక్కడం మొదలుపెట్టక ముందు సంగతి ఇది. బండితో పాటే తిరిగే లైబ్రేరియన్ మేడం చెప్పగా విన్నాను.

పదకొండేళ్లు పుస్తకాలు మోసినా బాబాయి ఒక్కటీ తెరిచి ఎరగడు. అడిగితే, మిఠాయి కొట్టువాడికి తీపి ఎక్కుతుందా అని నవ్వేసేవాడు. ఆయన గర్వమంతా డ్రైవింగులోనే. బండికి చిన్న గీత కూడా పడనివ్వలేదు.

పాత బండి అరిగిపోయి కొత్తది వచ్చింది. పాతది పెట్రోలుది, ఇది డీజిలుది. రెండో వారంలోనే, ఒక మంగళవారం పొద్దున, నోటి అలవాటు కొద్దీ బంకులో పెట్రోలు నింపమన్నాడు. నింపారు. రెండు మైళ్లు పోయేసరికి ఇంజను టకటకా కొట్టుకుంటూ దగ్గి దగ్గి, చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ గేటు ముందు చతికిలబడింది.

బాబాయి దిగి, ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. ఏమైందని మేడం అడిగింది. నేరం బంకువాడి మీదకు తోసెయ్యొచ్చు. ఆయన తొయ్యలేదు.

“తప్పు నాదే మేడం. పెట్రోలు పొయ్యమంది నేనే.”

మేడం ఫ్యాక్టరీ ఫోనులో పిలిస్తే మెకానిక్కు వచ్చి, మళ్లీ స్టార్టు చేస్తే ఇంజనే పోతుందన్నాడు. ట్యాంకు ఖాళీ చేసి, పైపులు కడిగి, ఫిల్టరు మార్చేదాకా బండి కదలదని తేల్చేశాడు.

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. కుట్టుపని ఆడవాళ్లు మెడలో టేపులతోనే బయటికొచ్చి బండి చుట్టూ మూగారు. ఇందులో ఏం అమ్ముతారని అడిగారు. అమ్మేది కాదు, చదివి తిరిగిచ్చేదని చెప్పి మేడం తలుపులు బార్లా తెరిచింది. కార్డులు లేవు, హామీలు లేవు. మళ్లీ మంగళవారం వస్తాం, తెచ్చివ్వండి అంది, అంతే.

గుండీలు కుట్టే ఒకావిడ నేరుగా బాబాయి దగ్గరకొచ్చింది.

“తమ్ముడూ, నేను అయిదు దాకే చదివాను. నాకు కొరుకుడుపడేది ఏదో నువ్వే చూసివ్వు.”

బాబాయి అరల వంక చూశాడు. ఏది ఏమిటో ఒక్కటీ తెలియదు.

“నాకు తెలీదక్కా. నేను డ్రైవర్ని.”

ఆవిడ చేతికందిన పుస్తకం తీసుకుని వెళ్లిపోయింది. పెట్రోలు పోయించినందుకు పడ్డ సిగ్గు దీని ముందు ఎంత అని ఇంటికొచ్చాక పిన్నితో అన్నాడట.

పై నుంచి మెమో వచ్చింది. దాన్ని మడిచి బీరువాలో పడేసి, సన్నపాటి నవల ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు. పేజీకి పావుగంట పట్టేది. వేలు పెట్టి చదువుతుంటే, ఈ వయసులో అక్షరాభ్యాసమా అని పిన్ని ఆటపట్టించేది. మరుసటి మంగళవారం ఒక్కటి తప్ప పుస్తకాలన్నీ తిరిగొచ్చాయి. కొన్నిటికైతే, చొక్కాల మడతల్లో పెట్టే అట్టలు కత్తిరించి తొడుగులు కూడా వేశారు. మేడం పట్టుబట్టి ఆ గేటును వారం వారం ఆగే చోట్లలో చేర్పించింది.

నేను ఎక్కే నాటికి జనం మేడాన్ని వదిలి బాబాయినే అడిగేవాళ్లు. స్టీరింగు మీద ఆనించిన పుస్తకం లోంచి తలెత్తి, “మొదట్లో నత్తనడక. యాభై పేజీలు ఓర్చుకో” అనేవాడు. గుండీల అక్కకు ఏడుపు కథలు పడవు. నవ్వించేవి ఆవిడ కోసం సీటు కింద దాచేవాడు.

ఆయన రిటైరైన కొన్నాళ్లకు బండి ఆపేశారు. ఆ ఫ్యాక్టరీ కూడా మూతపడింది. ఇప్పుడు బాబాయికి చూపు ఆనడం లేదు. వీలైనప్పుడు వెళ్లి చదివి వినిపిస్తుంటాను. మొన్న ఒక నవల చదువుతూ, ఆయన కునుకు తీశాడనుకుని మధ్యలో ఆపాను.

“ఆపావేమే? ఆ పిల్ల ఉత్తరం చించేసిందా లేదా?” అన్నాడు, కళ్లు తెరవకుండానే.