లిదియమ్మ తెల్ల కుక్కపిల్ల

మిషను బంగళా తోటమాలి కూతురు లిదియమ్మకు చిన్నప్పటి నుంచి ఒకటే మోజు: దొరసాని ఒళ్లో కూర్చునే తెల్ల బొచ్చుకుక్క. ఒకసారి ముట్టుకోబోతే వాళ్ల నాయన చెయ్యి మీద ఒక్కటిచ్చాడు. ఆ తర్వాత ఉదయగిరి పిల్లలకు ఎక్కాలు నేర్పడంలోనే ఆమె వయసంతా గడిచిపోయింది. పెళ్లీ గిళ్లీ లేదు. కుక్క మీద మోజు మాత్రం పోలేదు. 1994లో రిటైరై, డిసెంబరులో ఆత్మకూరు బస్సెక్కింది.

అక్కడ సుకుమారి అనే టీచరు ఇంట్లో పొమరేనియన్ కుక్క పిల్లల్ని పెట్టింది. రెండే మిగిలాయి. ఒకటి తెల్లగా దూదిపింజలా ఉంది. రెండోది వీధికుక్క పోలిక, పొట్టి వెంట్రుకల ఎర్రది.

"అక్కా, నీది రేకుల ఇల్లు. కుక్కను సాకడం కూడా ఇదే మొదలు. ఎర్రదాన్ని తీసుకుపో, ఏం పెట్టినా తింటాది. తెల్లోడు మన ఎండలకు తట్టుకోలేడు," అంది సుకుమారి.

"ఎర్రకుక్క కోసం ఇంత దూరం రావాల్నా? మా వీధి నిండా అయ్యే!"

మంచిమాట చెవికెక్కితే ఆమె లిదియమ్మ ఎందుకవుతుంది? తెల్లదాన్నే తెచ్చి బన్నీ అని పేరు పెట్టింది. చలికాలమంతా వాడి వైభవమే వైభవం. వీధి వీధంతా వచ్చి చూసి పోయింది. నాయన బతికుంటే బాగుండునని ఆమెకు ఎన్నిసార్లు అనిపించిందో.

మార్చిలో ఒక ఆదివారం బన్నీ వెంటబడి గుడిలోకొచ్చి, ప్రార్థన మధ్యలో మొరిగాడు. పాస్టరుగారు నవ్వేశారు గానీ లిదియమ్మకు తల కొట్టేసినట్టయింది.

అందుకే ఏప్రిల్లో గుడ్ ఫ్రైడే నాడు వాణ్ణి ఇంట్లో పెట్టి, కిటికీ కూడా మూసి, తాళం వేసింది. గిన్నెలో నీళ్లు పెట్టింది. పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. సిలువ మీది ఏడు మాటల్లో ఐదోది, దాహం మాట, ఆమె వంతు. పది నిమిషాలు మాట్లాడమంటే అరగంట మాట్లాడింది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆరాధన అయ్యాక ఒక్కొక్కరే వచ్చి మెచ్చుకుంటుంటే ఇంకో అరగంట అక్కడే నిలబడిపోయింది.

తలుపు తీస్తే మొహాన సెగ కొట్టింది. నీళ్లగిన్నె బోర్లాపడి ఉంది. బన్నీ గడప పక్కనే పడి ఉన్నాడు. ఎత్తుకుంటే తల వేలాడిపోయింది.

"రెండు దాకా అరస్తానే ఉన్న్యాడు టీచరమ్మా," అన్నాడు పక్కింటి పెంచలనరసయ్య. "మీరు వాక్యం చెప్తుండారు గదా, మధ్యలో పిలిస్తే బాగుండదని రాలేదు."

ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా ఆమెకు మొహం చెల్లలేదు. తాళం వేసిన చెయ్యి తనదే.

జూన్‌లో పెన్షన్ పనిమీద ఆత్మకూరు పోయినప్పుడు, ఉన్నమాట చెప్పేద్దామనే సుకుమారి ఇంటికి వెళ్లింది. ఎర్రది పెరట్లో కుండ కింద తడిమట్టిలో హాయిగా పడుకుని ఉంది.

"మా తెల్లోడు ఎట్టుండాడక్కా?"

"బాగుండాడు," అంది లిదియమ్మ.

ఇంతలో తల్లికుక్క వచ్చింది. ఆమె చీర కుచ్చిళ్లు వాసన చూసింది. చుట్టూ తిరిగి మళ్లీ చూసింది.

"చూసినావా అక్కా, బిడ్డ వాసన కోసం ఎట్ట వెతుకుతుండాదో! ఈసారి వాణ్ణి కూడా తీసుకురా."

లిదియమ్మ తలూపింది. బన్నీ పోయాక ఈ రెండు నెలల్లో ఆ చీర ఎన్నిసార్లు ఉతికిందో.