చార్టు కింద రంజాన్ వారాలు

మా హెడ్డాఫీసు టీ గదిలో పాలు పొంగి స్టవ్వు మీద పడితే ఆ మాడు వాసనకు అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం పాతబస్తీలోని యాకుత్‌పురా పాల కేంద్రం, దాని మేనేజరు సత్తెమ్మ మేడమ్ గుర్తొస్తారు. తరతరాలుగా బర్రెలు సాకిన ఇంటి ఆడపడుచు ఆమె. నా మొదటి ఉద్యోగం ఆమె దగ్గరే. అప్పట్లో నాకు కంప్యూటర్ కొంచెం వచ్చు, కోపం బాగా వచ్చు.

ఆ ఏడు హెడ్డాఫీసు మా అమ్మకాలపై ఒక చార్టు పంపింది. జులైని జులైతో పోల్చి, పోయినేటి కంటే గీత కిందికి పడిందని తేల్చారు. మా దగ్గర గిరాకీ తగ్గింది కాబట్టి రంజాన్‌కు ఏటా అదనంగా పంపే రెండో పాలబండిని వచ్చేసారి పంపేది లేదని రాశారు. ఆ బండి రాకపోతే ఉపవాసానికి ముందు తెల్లవారుజామున తినే సహరీ వేళకు జనం ఖాళీ గిన్నెలతో వెనక్కి పోవాల్సిందే. నాకు ఒళ్లు మండిపోయింది. మేడమ్ ఆ చార్టు చూసి నవ్వారు.

"గిరాకీ యాడ తగ్గింది బిడ్డా? రంజాన్ ఏటేటా ముందుకు జరుగుతది. పోయినేడు ఈద్ జులైల వచ్చె, ఈసారి జూన్‌లనే అయిపోయింది. జులై పాలు తాగుతదా ఏంది? తాగేది మనుషులు గద!"

రెండేళ్ల అమ్మకాలను నెలలతో కాకుండా రంజాన్ వారాలతో పక్కపక్కన పెట్టమన్నారు. పెట్టాను. రెండు గీతలూ వచ్చాయి కానీ, వాటి కింద వారాల పేర్లకు బదులు ఒకటి, రెండు, మూడు అని అంకెలు కూర్చున్నాయి. ఎంత నొక్కినా మారవు. విసిగిపోయి ఒక్కో అంకె మీద ఒక్కో చిన్న డబ్బా గీసి పేర్లు రాయడం మొదలుపెట్టాను.

"గిట్ల చిట్టీలు అంటిస్తే ఎట్ల? చార్టు జరిగితే చిట్టీలు ఆడనే ఉంటయ్," అంటూ మేడమ్ కుర్చీ లాక్కున్నారు. "రైట్ క్లిక్ కొట్టు. సెలెక్ట్ డేటా. కుడి దిక్కు ఎడిట్ ఉంది సూడు, అది నొక్కి, పేర్లున్న గళ్లు పైనుంచి కిందిదాంక పట్టు. ఓకే కొట్టు. ఫికర్ జెయ్యకు."

అంకెలు పోయి, 'మొదటి వారం' నుంచి 'ఈద్ వారం' దాకా పేర్లు వరసగా దిగాయి. రెండేళ్ల గీతలూ ఒకే చోట పైకి లేచాయి. ఈ ఏటిదే కాస్త ఎత్తు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

హెడ్డాఫీసు మీటింగులో పెద్ద సారు కళ్లద్దాలు సర్దుకుని, "నెలల బదులు ఇవేంటమ్మా?" అన్నారు.

"మా బస్తీ నెలలు సార్," అన్నారు మేడమ్.

ఆయన రెండు గీతలనూ వేలితో పోల్చి చూసి, "రెండో బండి ఉంచండి," అన్నారు. చార్టు బాగుందని కూడా అన్నారు. ఆలోచన ఆమెది, నేర్పింది ఆమె. అయినా నా భుజం మీద చెయ్యేసి, "చార్టు మా పిల్ల చేసింది సార్," అన్నారు. అంత మందిలో అంత గర్వంగా నా గురించి అంతకుముందు ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ హెడ్డాఫీసులో చార్టులు చూసేది నేనే. కింద ఉత్త అంకెలతో ఏదొచ్చినా వెనక్కి పంపుతాను. చాదస్తం అంటారు, అననీ. మొన్న కిషన్‌బాగ్ పాల కేంద్రంలో కొత్తగా చేరిన అమ్మాయి చార్టుకు నేనే దగ్గర కూర్చుని పేర్లు పెట్టించాను. మీటింగులో అది బాగుందని, ఎవరు చేశారని అడిగారు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను లేచి ఆమె భుజం మీద చెయ్యేశాను.

"మా పిల్ల చేసింది సార్," అన్నాను.