మడమల మీద పది అడుగులు

టెక్సాస్‌లోని ఆ శిబిరానికి ఆగస్టు మొదటి సోమవారం చేరాను. ఉదయం 5:40. ఎండ ఇంకా రాలేదు. అప్పటికే 81 డిగ్రీల ఫారెన్‌హీట్. భుజాన 46 పౌండ్ల సంచి. తొమ్మిది నెలల డ్యూటీ. నేను అమెరికా సైన్యంలో మెడిక్‌ని. నా పోస్టు శిబిరం ఆసుపత్రిలో, నడుమునొప్పి విభాగంలో.

తుపాకీ లేదు, బంకర్ లేదు. ఈ మాట చెప్తే ఇప్పటికీ మా చర్చిలో కొందరు నవ్వుతారు. కానీ నేను చేసిన డ్యూటీల్లో నన్ను వదలనిది ఇదొక్కటే.

రెండు గదులు. మొదటి గదిలో సన్నటి బల్ల, దాని మీదికి వంగిన ఎక్స్‌రే యంత్రం. రెండో గదిలో నాలుగు వాలుకుర్చీలు. గోడ గడియారం నాలుగు నిమిషాలు ముందు నడిచేది. మేం నలుగురం. మేజర్ హోదా ఉన్న డాక్టరమ్మ, ఎక్స్‌రే టెక్నీషియన్, నర్సు, నేను. రోజుకు ఎనిమిది ఇంజెక్షన్లు. పేరు ఎపిడ్యూరల్. వెన్నుపూసల మధ్య నరాల చుట్టూ ఉండే ఖాళీలోకి వాపు తగ్గించే స్టెరాయిడ్ ఎక్కిస్తారు.

మొదటి రోజే డాక్టరమ్మ ఆర్డరు ఇచ్చింది. "పేషెంట్‌కి 'ఏమీ తెలియదు' అని ఎప్పుడూ చెప్పకు. ఏం జరుగుతుందో, ఎంతసేపు జరుగుతుందో చెప్పు. ఇంజెక్షన్ తరువాత పద్నాలుగు రోజులు వాళ్ళు నీ బాధ్యత."

నేను ఇంటర్ దాటి చదవలేదు. సగటులు, గ్రాఫులు సొంతంగా నేర్చుకున్నాను. ఏది కనిపించినా కొలిచే అలవాటు. అక్కడి పాత ఫారంలో పదకొండు గడులు ఉండేవి. చాలావాటిలో అవును, కాదు అనే తప్ప అంకె లేదు. మూడో నెలలో కొత్త ఫారం చేశాను. సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంతో పేషెంట్ చెప్పాలి. మొదటి రోజు గంటకొకసారి ఆరు అంకెలు, ఆ తరువాత రోజుకొకటి. అంకెలు కలిపితే గీత. ఒక్క చూపులో పద్నాలుగు రోజులు కనిపిస్తాయి. నర్సుకు నచ్చింది. డాక్టరమ్మ సంతకం పెట్టింది.

అంకె లేని గడులు తీసేశాను. వాటిలో చివరిది: మడమల మీద పది అడుగులు నడిచాడా? అవును, కాదు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఒక ట్రక్కు డ్రైవర్ వచ్చాడు. ఇరవై ఆరేళ్ళు. కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడు. పెట్టెలు ఎత్తుతుంటే డిస్కు జారింది. నడుము నుంచి ఎడమ పాదం దాకా నొప్పి. అంకె 8.

నా యూనిఫాం మీద పేరు చదివి నవ్వాడు. "అంకుల్, మీరు తెలుగా?"

"సార్జెంట్ అను."

"ఓకే సార్జెంట్ అంకుల్. ఇది బాగా హర్ట్ అవుతుందా?"

"మందు ఎక్కేటప్పుడు కాలిలోకి బరువు దిగినట్టు ఉంటుంది. ఒక నిమిషం. కదలకు."

"నేను కదలను. అంకుల్, ట్వెంటీ టూ డేస్‌లో మా ప్లటూన్ వెళ్తుంది. ఓవర్సీస్. నేను లేకుండా వెళ్తారు అంటే అది నాకు కుదరదు. డాక్టర్ ఫిట్ అని రాయాలి."

"ముందు బోర్లా పడుకో."

9:20కి బల్ల ఎక్కాడు. పొట్ట కింద దిండు. వీపు మీద చల్లటి మందు మూడుసార్లు తుడిచాను. ముందు తిమ్మిరి సూది. పది సెకన్లు మంట. తరువాత అసలు సూది.

"షాట్," అంది డాక్టరమ్మ. టెక్నీషియన్ మీట నొక్కాడు. తెర మీద వెన్ను కనిపించింది.

"ఎడమకి కొంచెం."

"ఎడమకి."

"ఆపు. రంగు మందు ఇస్తున్నాను. షాట్."

నరం వెంట రంగు పాకింది. సూది చేరాల్సిన చోటికే చేరింది. స్టెరాయిడ్ ఎక్కింది. డ్రైవర్ నా చెయ్యి పట్టుకుని తెలుగులో అంకెలు లెక్కపెట్టాడు. పదహారు దాకా వచ్చి, తరువాతిది గుర్తులేక మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. 9:34కి బల్ల దిగాడు. పద్నాలుగు నిమిషాలు. అరగంట వాలుకుర్చీలో. ఆ రోజు తాను బండి నడపకూడదు కాబట్టి స్నేహితుడు వచ్చి తీసుకెళ్ళాడు.

మొదటి గంట 2. అది తిమ్మిరి మందు చలవ. సాయంత్రానికి 7. రెండో రోజు 8. మూడో రోజు 8.

"ఇది పని చేయలేదు అంకుల్," అన్నాడు ఫోన్‌లో.

"స్టెరాయిడ్ పనిచేయడానికి రెండు రోజుల నుంచి వారం పడుతుంది. కొందరికి ఇంకా ఎక్కువ. కొందరికి అసలు పనిచేయదు. ఆగు."

ఐదో రోజు 6. ఏడో రోజు అతనే వచ్చాడు. వరండాలో నడక వినిపించింది. టక్, టప్. టక్, టప్. కుడి మడమ నేలకు తగిలేది. ఎడమ పాదం మొత్తంగా పడేది.

"బూటు వదులైందా?" అన్నాను.

"లేదు అంకుల్. ఫుట్ కొంచెం స్లీపీగా ఉంది. నొప్పి మాత్రం చాలా తక్కువ."

"నంబర్ చెప్పు."

"ఫోర్."

4 రాశాను. శబ్దం విన్నాను. రాయడానికి దానికి అంకె లేదు.

తొమ్మిదో రోజు 3. పదకొండో రోజు మళ్ళీ వచ్చి, తలుపు దగ్గర నుంచే వేలు చూపించాడు. ఒకటి. కొత్త ఫారం మొదలయ్యాక అంత నున్నగా దిగిన గీత మరొకటి లేదు. నర్సును పిలిచి చూపించాను. "వీడు వెళ్తాడు," అంది. డ్రైవర్ ఆమెకు సెల్యూట్ కొట్టాడు.

పద్నాలుగో రోజు 10:15కి డాక్టరమ్మ పరీక్ష చేసింది. నా ఫారం చూసి తల ఊపింది. తరువాత డ్రైవర్‌తో, "వేళ్ళు పైకెత్తి మడమల మీద నడువు," అంది.

కుడి పాదం లేచింది. ఎడమ పాదం లేవలేదు. అతను పాదం వైపు చూసి, ఇంకోసారి ప్రయత్నించాడు. చెమట పట్టింది. వేళ్ళు నేలను వదల్లేదు.

"ఇది ఎప్పటి నుంచి?" అంది డాక్టరమ్మ.

"స్లీపీ అంతే మేడమ్. నొప్పి పోయింది కదా."

ఆమె నా వైపు తిరిగింది. "ఏడో రోజు నడిపించావా?"

"లేదు మేడమ్."

"ఎందుకు?"

"ఫారంలో లేదు. నేనే తీసేశాను."

ఆమె ఫారం కింద తన సంతకం చూసుకుంది. "నలిగే నరం ముందు అరుస్తుంది. చచ్చిపోయేటప్పుడు ఊరుకుంటుంది. నీ గీత దిగింది అందుకే." గొంతు పెంచలేదు. ఫోన్ తీసుకుంది.

మధ్యాహ్నం స్కాన్. డిస్కు ఇంకా బయటికి జారి నరాన్ని నలిపేస్తోంది. తప్పు సూదిది కాదు. సాయంత్రం 6:10కి ఆపరేషన్. తొంభై ఐదు నిమిషాలు. వారం ముందు చేసి ఉంటే పాదం దక్కేదా అని సర్జన్‌ను అడిగాను. "అవకాశం ఎక్కువ ఉండేది," అన్నాడు. ఎంత ఎక్కువ అంటే అంకె చెప్పలేదు.

మరునాడు ఉదయమే పాత ఫారం మళ్ళీ బల్ల మీద ఉంది. డాక్టరమ్మే పెట్టించింది.

ఇరవై రెండో రోజు అతని ప్లటూన్ బయల్దేరింది. 6:30కి. గేటు దగ్గర నిలబడి చూశాను. తరువాత వార్డుకు వెళ్ళాను.

"వెళ్ళారా అంకుల్?"

"వెళ్ళారు."

"ఎన్ని ట్రక్స్?"

"పద్దెనిమిది."

"నాది ఎవరు డ్రైవ్ చేశారు?"

నేను లెక్కపెట్టాను గానీ ఎవరి ముఖమూ చూడలేదు. "తెలియదు," అన్నాను. అతను గోడ వైపు తిరిగాడు.

మే నెలలో డ్యూటీ ముగిసింది. జార్జియాలోని కమ్మింగ్‌కు, ఇంటికి వచ్చాను. ఆ డ్రైవర్ ఇప్పుడు సైన్యంలో లేడు. పాదం వాలిపోకుండా ఎడమ కాలికి ప్లాస్టిక్ పట్టీ తొడుక్కుని నడుస్తాడు. క్రిస్మస్‌కు మెసేజ్ పెడతాడు. అంకుల్ అనే రాస్తాడు.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, కొడుకు దగ్గరికి ఏలూరు నుంచి వచ్చిన రిటైర్డ్ హెడ్‌మాస్టరు నన్ను పట్టుకున్నారు. గురువారం ఆయనకు ఇదే ఇంజెక్షన్.

"సూది ఎంత పొడుగుంటుందయ్యా? నిజం చెప్పు."

"పొడుగే అంకుల్. మీకు కనపడదు, వీపు వెనకాల ఉంటుంది."

"బడి మొత్తాన్ని బెత్తంతో వణికించిన మనిషి," అన్నారు ఆయన భార్య. "సూది అనగానే రెండ్రోజులుగా అన్నం ముట్టట్లేదు బాబూ."

"నువ్వూరుకో. నొప్పి ఎంత అని అడగవేంటయ్యా? డాక్టరు అడిగాడు. ఏడు అని చెప్పాను."

తెలిసినవన్నీ చెప్పాను. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పాలి. షుగర్ కొన్ని రోజులు పెరుగుతుంది. తీసుకెళ్ళి తీసుకురావడానికి మనిషి ఉండాలి. జ్వరం వచ్చినా, లేచి కూర్చుంటే భరించలేని తలనొప్పి వచ్చినా వెంటనే ఫోన్ చేయాలి. మూత్రం అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలు బలం తగ్గినా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. నొప్పి తగ్గినా సరే వెళ్ళాలి. ఈ మాట రెండుసార్లు చెప్పాను.

"ఇప్పుడు మడమల మీద పది అడుగులు నడవండి అంకుల్."

"అందరి ముందూ కోతిని ఆడిస్తున్నావా?"

"ఆడిస్తున్నాను. నడవండి."

భార్య భుజం పట్టుకుని నడిచారు. నేను కుర్చీల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని ఆయన బూట్లు చూశాను. రెండు మొనలూ పదిసార్లు లేచాయి. సూది తరువాత రోజూ పొద్దున ఇలాగే నడవమని చెప్పాను. ఫోన్ చేసి అడుగుతాను.

ఆయన బూట్లు చూస్తున్నంతసేపూ నాకు వేరే బూట్లు కనిపించాయి. ఆపరేషన్ మరునాడు వార్డులో, మంచం పక్కన పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో ఉన్నాయవి. గోధుమరంగు సైనిక బూట్లు. కుడిదాని మొన కొత్తదిలాగే ఉంది. ఎడమదాని మొన నేలకు రాసుకుని, రాసుకుని, తోలు లేచి తెల్లబడింది. జేబులో స్కేలు ఉంది. కొలిచాను. ఒకటింపావు అంగుళం. అంత అరగడానికి కనీసం వారం పట్టి ఉంటుంది. ఆ వారంలో అతను నా కుర్చీ ముందు నుంచి రెండుసార్లు నడిచి వెళ్ళాడు.