శాంతమ్మత్తతోని గుహలకు

మొన్న మనవరాలి తలకు రాద్దామని ఆముదం సీసా మూత తీస్తే, ఆ చిక్కటి వాసనతోని గబ్బిలాల కంపు, తడిరాయి చల్లదనం, కర్పూరం పొగ అన్నీ కలిసి, చిన్నప్పుడు పోయిన గుహ యాదికొచ్చింది.

తెలంగాణ కావాలని జనం రోడ్లెక్కిన అరవై తొమ్మిదిల బడులు మూతబడ్డయి. వేపపూత రాలే ఎండల్ల మేము ఎంకపల్లి చెలకలల్ల తునికిపండ్లు ఏరుకుంట తిరుగుతుంటిమి. పట్నంల కాలేజీ చదివే మా అన్న కబురు మాత్రం లేదు. బస్సులు బందు. కాల్పులైనయని ఒకరు, జైళ్ల పెట్టిన్రని ఒకరు చెప్తుంటే అమ్మకు అన్నం సయించకపోయేది. ఆఖరికి చేవెళ్ల అవతల గుట్ట మీద, గుహల ఎలిసిన నర్సింహస్వామికి మొక్కుదామని బాపు ఎడ్లబండి కట్టిండు. పక్కింటి శాంతమ్మత్త ఆదివారం తప్పకుండ చర్చికి పోయే మనిషి. "నిన్ను గిట్ల చూసి ఇంట్ల ఎట్ల కూసుంట వదినె" అనుకుంట, జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూటగట్టుకోని బండెక్కింది.

బాపు కింద ఎడ్ల కాడ ఆగిండు. గుహ మూతి చిన్నది, మోకాళ్ల మీద పాకుకుంట పోవాలె. అంత దూరం వచ్చిన అమ్మ, ఆ చీకటి చూసి ఆగిపోయింది. ఇరుకు జాగల ఆమెకు ఊపిరాడది.

"కొడుకు కోసం వచ్చి, ఈడికెల్లే ఎనుకకు మల్లిపోవుడైతున్నదే" అని ఏడ్వబట్టింది.

అత్త చెప్పులు విడిచి ముందుకొచ్చింది. "నా కొంగు పట్టుకో వదినె. ముందుగాల నేను పోత."

అమ్మ అత్త కొంగు పట్టుకున్నది, నేను అమ్మ చీర పట్టుకున్న. లోపట నిలబడేటంత జాగ ఉన్నది. ఆముదం దీపం వెలుగుల, రాతిల మెరుస్తున్న స్వామి కండ్లు చూసి అమ్మ నేలకు తల ఆనిచ్చింది. అత్త మా పక్కన్నే కండ్లు మూసుకోని, పెదవులు కదుపుకుంట నిలబడ్డది.

కొన్నాళ్లకు అన్న గండిపేట దిక్కుకెల్లి నడుసుకుంట ఇల్లు చేరిండు, చేతికి కట్టు, మాసిన గడ్డం. అమ్మ పట్టుకోని ఏడ్చి, కాళ్లకు నీళ్లిచ్చి, "ముందుగాల పోయి అత్తకు మొక్కి రా" అన్నది. అన్న వంగబోతే అత్త భుజాలు పట్టి లేపింది.

"నేనేం జేసిన బిడ్డా. ఆ గుహల నాకు గూడ భయమే అయ్యింది. మీ అమ్మ నన్ను నమ్ముకున్నదని పోయిన."

ఇప్పుడు ఆ గుహ మూతి పెద్దగ చేసిన్రు. లోపట ట్యూబులైట్లు, నున్నటి బండలు. వంగకుండనే పోయి రావచ్చు, నా మోకాళ్లకు అదే మంచిగున్నది. ఎడ్లబండ్లు లేవు, చెలకలన్ని ప్లాట్లయినయి. అమ్మ లేదు, అత్త లేదు. పోయినేడు దర్శనం చేసుకోని వచ్చేటప్పుడు, అత్త సమాధి కాడ కారు ఆపిచ్చి రెండు బంతిపూలు పెట్టిన. ఆడ ఎట్ల మొక్కుతరో నాకు తెల్వది. చేతులు జోడిచ్చి జరసేపు నిలబడ్డ.