పువ్వు ముందు, ఆకు ఎనుక

పర్వతాలుకు నోరు ఆగదు. ఆగి ఉంటే ఆ రోజు ఎర్రపొట్టేలు పందెంలోకి వచ్చేదే కాదు.

కల్వకుర్తి దగ్గర అతని ఊరికి రోడ్డు వెడల్పు చేస్తున్నారు. మలుపులో ఉన్న మోదుగుచెట్టుకు ఒక్క ఆకు లేదు. రోడ్డు పని చూసే సతీశ్ దాని మొదలు మీద ఎర్రరంగుతో గుర్తు పెట్టాడు. "ఎండిపోయింది తాతా, కొట్టేస్తం."

పర్వతాలు చెట్టుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. నలభై ఏళ్లుగా గొర్రెలు కాస్తున్నాడు. ఏటా ఆ చెట్టు పూలే ఉడికించి, కాముని పున్నానికి ఊరంతా రంగు చల్లుతాడు.

"ఎండలేదు సారూ! మోదుగు గంతే. పువ్వు ముందు, ఆకు ఎనుక. ఎనిమిది దినాలు ఆగు. పూయకుంటే చెట్టు కొట్టు, నా ఎర్రపొట్టేలును గూడ కోసుకతిను!"

"మిగిలిన మోదుగులన్నీ మొగ్గేసినయి గద?"

"గిది జర బద్ధకపుది" అన్నాడు పర్వతాలు, చూపు తిప్పుకుని.

సాయంత్రం సంగతి విని మనవరాలు స్వర్ణ నవ్వింది. డిగ్రీలో చెట్ల చదువు చదువుతోంది. "మా పుస్తకంల గిసొంటి చెట్టుకు ఓ మాటుంది తాతా. హిస్టెరాంథస్. గ్రీకుమాట. హిస్టెరోస్ అంటే తర్వాత, ఆంథోస్ అంటే పువ్వు."

"తర్వాతనా? పువ్వు ముందుగాదే!"

"తర్వాత వచ్చేది ఆకు. పువ్వు పూసినంక ఆకేసే చెట్టని అర్థం. మాటల మాత్రం ఆకు పేరే లేదు."

"ఓర్నీ! అసలుదే మరిచిండ్రా? గా గ్రీకోళ్లు గొర్లు గాయలేదేమో!" పర్వతాలు పడీపడీ నవ్వాడు. మర్నాటి నుంచి మందను కూడా "నడువ్, హిస్టెరాంథస్!" అనే అదిలించాడు.

ఏడో రోజుకు ఆ నవ్వు పోయింది. ఎంత వెతికినా అతని ముసలి కళ్లకు ఒక్క మొగ్గ కనిపించలేదు. అన్నం సయించలేదు. పొట్టేలు మెడ నిమురుతూ "నా నోటికి తాళం లేకపాయె కొడుకా" అని తనను తానే తిట్టుకున్నాడు.

ఎనిమిదో పొద్దున చెట్టు కింద నుంచి స్వర్ణ కేకేసింది. "తాతా, చిటారుకొమ్మ జూడు!"

అన్నిటికంటే పైన, ఒకే ఒక్క కొమ్మ నిండా ఎర్రెర్రని పూలు! పర్వతాలు గొంగడి గాల్లోకి ఎగరేసి, రోడ్డు మీదే చిందేశాడు. సతీశ్ నవ్వుతూ ఎర్రగుర్తు మీద మట్టి పూశాడు. చెట్టును వదిలేసి, రోడ్డు హద్దుగీతకు పక్కగా ముగ్గు పోయించాడు.

"గాని తాతా, కింది కొమ్మలెందుకు పూయలే?" అని అడిగాడు సతీశ్.

పర్వతాలు బుర్ర గోక్కున్నాడు. గెలిచాక ఇంకా దాచడం ఎందుకనిపించింది.

"కార్తీకంల గొర్రెపిల్లల పాక మీద కప్పెతందుకు పూసేటి రెమ్మలన్నీ నేనే కొట్టిన సారూ, కర్రకు కొడవలి గట్టి. గదొక్కటే అందలే. అందితే గదీ కొట్టేటోణ్ణే!"