వెనక్కి తిరిగిన ఇంజను

గల్ఫులో అజైబా అనే చోట నేను వంట చేసే ఇంటి వెనక కార్లు బాగుచేసే షెడ్డొకటి ఉంది. పొద్దున్నే వాళ్లు కాలిన ఆయిలు తీసి డ్రమ్ములో పోస్తే ఆ వాసన వంటింటి కిటికీలోంచి లోపలికొస్తుంది. మా మేడమ్ ముక్కు మూసుకుని కిటికీ వేసేయమంటుంది. ఆవిడ అటు తిరగ్గానే నేను మళ్లీ తీస్తాను, ఎందుకంటే అది మా నాయన చొక్కా వాసన.

కడప జిల్లాలో మా మెట్టచేనికి ఒక ట్రాక్టరుండేది. ఎవరో దొర ఓడలో తెప్పించుకుని, దాంతో వేగలేక వదిలేస్తే, మా అబ్బ, అంటే నాయన తండ్రి, ఎద్దులు కట్టి ఇంటికి లాక్కొచ్చాడట. అలాంటిది చుట్టుపక్కల ఇంకొకటి లేదు. దానికి ఒకటే సిలిండరు, ముందువైపు ఒక ఇనుప బుర్ర. ఆ బుర్రను బ్లోలాంపుతో ఎర్రగా కాల్చి, స్టీరింగును కడ్డీతో సహా ఊడబెరికి, పక్కన ఇంజనుతో పాటు తిరిగే పెద్ద చక్రంలో దూర్చి ఊపితే తప్ప లేచేది కాదు మహాతల్లి. కిరసనాయిలు, ఆముదం, ఏది పోసినా తాగేది. రివర్సు గేరు లేదు. వెనక్కి పోవాలంటే ఇంజనును ఆరిపోయేదాకా మెల్లగా చేసి, చివరి ఊపులో అది వెనక్కి తూలినప్పుడు ఆయిలు అందించాలి; అప్పుడు ఇంజనే ఎదురు తిరిగేది.

ఏరువాక పున్నమికి ఊరంతా ఎద్దుల కొమ్ములకు రంగులు వేస్తే మేం దాని బుర్రకు పసుపు పూసి ఓళిగలు పెట్టేవాళ్లం. నేనూ తమ్ముడూ నాయన చూడకుండా ఆ వేడి బుర్ర మీద పచ్చి వేరుశనక్కాయలు కాల్చుకుని, మూతులు మసి చేసుకుని, అమ్మ చేత తిట్లు తినేవాళ్లం.

ఒక్కోసారి అది లేవడమే ఎదురు తిరిగి లేచేది. చక్రం నున్నగా ఉండేది కాబట్టి కంటికి తేడా తెలియదు. నాయన చప్పుడు విని కనిపెట్టేవాడు. ఏళ్ల తరబడి ఆ మోతే ఆయన చెవులు తినేసింది. చెవుడని ఊళ్లో తెలిస్తే పరువు పోతుందని ఎవరికీ చెప్పనివ్వలేదు. అందుకని ఇంజను లేవగానే అమ్మ పిడికెడు శనగపొట్టు చక్రం మీద చల్లేది. పొట్టు ముందుకెగిరితే చెయ్యెత్తేది. వెనక్కెగిరితే రెండు చేతులూ అడ్డంగా ఊపేది.

మామ పెళ్లికి మమ్మల్ని తీసుకుని పుట్టింటికి పోతూ అమ్మ నాయన చెవి దగ్గర గట్టిగా చెప్పింది, "నేనొచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దు. యిన్నావా?"

"వాన పడితే నీకోసం పదును ఆగుతాదా మే?" అన్నాడు నవ్వుతూ.

వాన పడనే పడింది. నాయన ఒక్కడే ఇంజను లేపాడు. బండి చేలోని బావికి వీపు పెట్టి నిలబడి ఉంది. గేరు వేశాడు. అది వెనక్కి నడిచింది.

పెళ్లి పందిట్లోకి కబురొచ్చింది. నాయనను బావిలోంచి తాళ్లు వేసి తీశారు, బండిని తీయలేకపోయారు. అమ్మ ఆ బావిని పూడ్పించేసింది. "నేనుంటే ఆయన బతికుండేవోడు," అనుకుంటూనే ఆమె కూడా పోయింది.

నిన్న తమ్ముడు ఫోన్ చేశాడు. మేం అమ్ముకున్న ఆ చేలో సోలారు పలకలు పాతుతున్నారట. ఒకచోట నేల దిగబడుతోంది, కింద ఏముందని వీణ్ణి అడిగారట.

"ఏం చెప్పినావురా?"

"పాత బావి అన్న్యానక్కా. బండి ఉండాదంటే తవ్వి పాత ఇనుముకేస్తారు."

ఇద్దరం ఫోన్లోనే ఏడ్చాం. ఇప్పుడక్కడ దున్నే చేను లేదు, ఆ మోత లేదు. నాయన బండి మాత్రం మన్ను కింద ఉంది. మేమిద్దరం కూడా పోతే, అక్కడుందని చెప్పేవాళ్లుండరు.