ఫోటోకు వేసిన దండ

పోలింగుకు వారం ఉందనగా మా బామ్మర్దిని జైల్లో పెట్టారు. పోలింగు ముగిసిన మర్నాడు బెయిలు ఇచ్చారు. ఇది అన్యాయం. ఆనాడూ అన్యాయమే, ఇన్నేళ్ల తర్వాత చెప్పినా అన్యాయమే. దీన్ని కాస్త మెత్తగా చెప్పమని నన్నెవరూ అడగొద్దు.

మొన్న నాచారంలో నేను రోజూ చాయ్ తాగే హోటల్లో, టీవీలో నలుగురు కూర్చుని ఎక్కడో ఎవరో నాయకుణ్ని అరెస్టు చేస్తే ఆయనకు ఓట్లు పెరుగుతాయా తరుగుతాయా అని గొంతులు చించుకుంటున్నారు. ఒకాయన సానుభూతి అంటాడు, ఇంకొకాయన మచ్చ అంటాడు, చాయ్ తాగే వాళ్లూ రెండు జట్లయ్యారు. ఆ మనిషి ఏం పని చేశాడు, ఆయన మీద కేసేమిటి అని మాత్రం టీవీలో గానీ హోటల్లో గానీ ఒక్కరూ అడగలేదు. నా చాయ్ మీద మీగడ కట్టింది. ఇంటికొచ్చి కాగితం ముందేసుకున్నాను. నేను బడికి పోయింది తక్కువ, ఫ్యాక్టరీలో ఫిట్టరు పని చేస్తూ షిఫ్టు లేని పూట లైబ్రరీలో పేపర్లు చదివి చదవడం రాయడం గట్టిచేసుకున్నవాణ్ని. రాతలో వంకరలుంటే నా ఈడు వాళ్లు సర్దుకుంటారనుకుంటాను.

అప్పటికింకా మాది మున్సిపాలిటీయే, మహానగరంలో కలపలేదు. ఉప్పల్ చౌరస్తా దాటి మేడిపల్లి వైపు పోతుంటే అటూ ఇటూ ఖాళీ జాగాలు కనబడేవి, ఇటు నాచారంలో మాత్రం పొద్దున ఫ్యాక్టరీ సైరను మోగిందంటే సందుల్లో సైకిళ్లకు దారి దొరికేది కాదు. మా బస్తీలో అంతా వరంగల్, నల్లగొండ వైపు నుంచి పనికోసం వచ్చినవాళ్లం. మా వెనక కాలనీలో కృష్ణా గుంటూరు వైపు నుంచి వచ్చిన గుమాస్తాలు, టీచర్లు ఇళ్లు కట్టుకున్నారు. మాట తీరు వేరు, పప్పులో పోపు వేరు, కానీ బోరు నీళ్లు మాత్రం ఇద్దరికీ ఒకటే పసుపు రంగులో వచ్చేవి. బట్టలు ఉతికితే కొత్త చీర కూడా పాత రంగుకు తిరిగేది. ఎందుకంటే ఒక రంగుల ఫ్యాక్టరీ ట్యాంకర్లు చీకటి పడగానే మా వెనక నాలాలోకి పైపు వదిలేవి.

మా ఆవిడ తమ్ముడు, అంటే మా బామ్మర్ది, పక్క ఫ్యాక్టరీలో టర్నరు. బక్క మనిషి, గొంతు మాత్రం పెద్దది. ఆ ట్యాంకర్లను ఆపాలని బస్తీని, కాలనీని కలిపి ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చోబెట్టింది అతనే. ఆ గలాటాలో ఎవరో రాయి విసిరితే ట్యాంకరు అద్దం పగిలింది. విసిరింది అతను కాదు, అతను నా పక్కనే కూర్చుని మైకులో మాట్లాడుతున్నాడు. అయినా కేసు అతని మీదే పెట్టారు. అక్కడితో ట్యాంకర్లు ఆగాయి, కేసు కూడా ఎక్కడో పడి నిద్రపోయింది. కొన్నేళ్లకు మున్సిపల్ ఎన్నికలు వచ్చాయి. మంచినీళ్ల పైపు కూడా నువ్వే తేవాలని బస్తీ ఆడవాళ్లు పట్టుబట్టి అతన్ని వార్డుకు ఇండిపెండెంటుగా నిలబెట్టారు, గుర్తు కుట్టుమిషను. అతను నిలబడగానే నిద్రపోతున్న కేసు లేచింది. వాయిదాకు రాలేదట, వారంటు ఉందట. ఏ వాయిదా, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు? నేను స్టేషనుకు పోయి అడిగితే ప్రశ్నలు కోర్టులో అడుక్కోమన్నారు. నోట్లో బ్రష్షు ఉండగానే అతన్ని జీపెక్కించారు.

నేను ఓటర్ల దగ్గరికి పోయి చూశాను కాబట్టి చెబుతున్నాను, జైలు మనిషిని కనబడకుండా చేస్తుంది. కనబడని మనిషి గురించి ఎవరికి తోచిన బొమ్మ వాళ్లు గీసుకుంటారు. వెనక కాలనీలో ఒక పంతులమ్మగారు ఉండేవారు, గేటు ముందు ధర్నాలో మాతోపాటు గొడుగు వేసుకుని కూర్చున్న మనిషే. అరెస్టు సంగతి తెలిసిన మర్నాడు ఆమె గేటు సగం తెరిచి, “ఏమోనండీ అన్నయ్యగారూ, పోలీసులు ఊరికే తీసుకెళ్లరు కదా” అన్నారు. ఏళ్ల తరబడి చూసిన మనిషి ఒక్క పూటలో ఆమెకు దొంగైపోయాడు. అదే రోజు బస్తీలో కల్లు దుకాణం ముందు ఒకాయన, “మనకోసమే లోపలికి పోయిండే, ఇగ మన ఓటు ఆయనకే” అని ఒట్టు పెట్టాడు. ఆ ఒట్టు కూడా నాకు రుచించలేదు. మంచినీళ్ల పైపు మాట ఇద్దరూ ఎత్తలేదు.

ఇక్కడ మా పెద్దమామ గురించి చెప్పాలి. మా ఆవిడకు మేనమామ, ఉప్పల్‌లో పూల దుకాణం. ప్రచారానికి ట్రాలీ ఆటో, మైకు ఆయనే కిరాయికి మాట్లాడిపెట్టాడు. అభ్యర్థి ఇంటింటికీ వస్తే ఆడవాళ్లు బొట్టుపెట్టి హారతివ్వడం, దండ వేయడం మా దగ్గర ఆనవాయితీ. ఇప్పుడు అభ్యర్థే లేడు, హారతి ఎవరికిస్తారు? పెద్దమామ ఆలోచించి, మా బామ్మర్ది ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు మీదున్న ఫోటోను స్టూడియోలో పెద్దది చేయించి, చెక్క ఫ్రేము కట్టించి ఆటో ముందు నిలబెట్టాడు. ఆ ఫోటోలో మా బామ్మర్ది నవ్వడు, రెప్ప కూడా వెయ్యడు. దానికి తన దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా పెద్ద బంతిపూల దండ వేసి, నుదుటిన ఇంత బొట్టు పెట్టి, ఊదుబత్తి కూడా వెలిగించాడు. అంతా గౌరవంతోనే చేశాడు. మైకు అప్పటికే చెడిపోయి గుర్రుమంటోంది తప్ప మాట తెలియడం లేదు.

ఆ ఆటో సందులో తిరిగితే ఏమవుతుందో నేను వేరే చెప్పాలా? ఆడవాళ్లు చూసింది జైలుకు పోయిన మనిషి ఫోటో, దానికి దండ, దాని ముందు ఊదుబత్తి. మధ్యాహ్నం నేను ఫ్యాక్టరీలో ఉండగానే బస్తీ అంతా గుప్పుమంది, పోలీసులు కొట్టి చంపారని.

కబురంది నేను వచ్చేసరికి మా ఇంటి ముందు జనం. బోరు నల్లా దగ్గర ఎప్పుడూ మా బామ్మర్దితో కొట్లాడే ముసలమ్మ మా గడపలో కూలబడి, “నా కొడుకా, మొన్ననే తిడ్తిని గదరా బిడ్డా, ఎంత పని జేసిన్రురా” అని రాగం తీస్తోంది. లోపల మా ఆవిడ నేలమీద పడి ఉంది, నలుగురు గాలి విసురుతున్నారు. నన్ను చూసి లేచి నా చొక్కా పట్టుకుంది. “ఎన్నడు తెస్తరు వాన్ని? ఇంటికి తెస్తరా, అటే తీస్కపోతరా?” అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. పొద్దునే ములాఖత్‌లో అతన్ని చూసొచ్చాను, బాగానే ఉన్నాడు, బీడీలు అడిగాడు అని ఎంత చెప్పినా నమ్మలేదు. దగ్గరలో ఉన్న కీసర గుట్ట వైపు తిరిగి దండం పెట్టి, వాడు బతికొస్తే గుట్టెక్కిస్తానని మొక్కింది.

నేను తిన్నగా ఆటో దగ్గరికి పోయాను. అప్పటికి దాని చుట్టూ మునుపెన్నడూ లేనంత జనం. వెనక కాలనీ వాళ్లు కూడా వచ్చారు, పంతులమ్మగారు కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, “బంగారంలాంటి మనిషండీ, మా ఇంట్లో అన్ని ఓట్లూ కుట్టుమిషనుకే” అంటున్నారు. నేను దండ మీద చెయ్యి వేశాను. పెద్దమామ నా మణికట్టు పట్టుకున్నాడు.

“అల్లుడా, జర ఆగు. మనం సచ్చిండని ఎవలికన్న జెప్పినమా? వాళ్లే అనుకుంటున్నరు. నాల్గు రోజులు ఊకుంటె గెలుస్తడు.”

“మామా, ఇంట్ల నీ మేనకోడలు పడిపోయింది.”

“ఇంట్ల జెప్పు. బయట జెప్పకు.”

“ఇంట్ల బతికి బయట సస్తడా? ఏం మాట్లాడుతున్నవే?”

“నీకు పేపర్లు సదివి సదివి తల్కాయ చెడింది” అని ఆయన నన్ను జనం ముందే తిట్టాడు. తిట్టనీ. దండ తీసి ఆయన చేతిలో పెట్టాను, ఊదుబత్తి ఆర్పాను, తడిగుడ్డతో ఫోటో నుదుటి మీద బొట్టు తుడిచాను. మైకు పనిచెయ్యదు కాబట్టి ఆటో మీదికెక్కి నా గొంతుతోనే చెప్పాను: మనిషి బతికే ఉన్నాడు, జైల్లో ఉన్నాడు, కేసు అద్దం పగిలిన కేసు, ఆ రోజు మీరంతా అక్కడే ఉన్నారు, రాయి అతను విసరలేదని మీకూ తెలుసు, నీళ్ల కోసం ఓటెయ్యాలనిపిస్తే వెయ్యండి, ఏడుపు కోసం వెయ్యొద్దు.

జనం ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత నిజంగా చెబుతున్నాను, కొందరికి కోపం వచ్చింది, మేమే వాళ్లచేత ఏడిపించామని. నా వెనకే వచ్చిన ముసలమ్మ ముక్కు చీదుకుంటూ, “సావలేదని ముందుగాల జెప్పొద్దా? రొట్టె పెనం మీద ఇడిసి ఉరికొస్తి” అని ఇంటిదారి పట్టింది. పంతులమ్మగారు కళ్లు తుడుచుకుని నన్ను అడిగారు: “అయితే మరి ఆ కేసు... నిజమేనంటారా?” చూశారా! ఆమెకు ఒక బొమ్మ చెరిగిపోగానే మొదటి బొమ్మ లేచొచ్చింది. మధ్యలో ఉన్న మనిషి ఆమెకు అందనే లేదు. అది ఆమె తప్పని నేననను. మనిషి గడపలోకొచ్చి కళ్లలోకి చూసి మాట్లాడితే ఆమె ఆ ప్రశ్న అతన్నే అడిగేది. అడగనివ్వకుండా చేశారే, అక్కడ ఉంది అన్యాయం.

మిగిలిన రోజులు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి ఇల్లిల్లూ తిరిగాను. పెద్దమామ రెండు రోజులు అలిగి, మూడో రోజు ఆటో తెచ్చి నా వెనక నడిపాడు, మాట్లాడకుండానే. ఎవరేమడిగినా చెప్పాను, మొహం మీద తలుపు వేసినా మర్నాడు మళ్లీ పోయాను. మా ఒక్క సందులో ఉండే ఓట్లంత కూడా లేని తేడాతో మా బామ్మర్ది ఓడిపోయాడు. దండ ఉంచితే గెలిచేవాడని పెద్దమామ కన్నుమూసేదాకా అన్నాడు, అందులో నాకూ అనుమానం లేదు.

బెయిలు మీద వచ్చిన రోజు మా బామ్మర్ది అన్నీ విన్నాడు. దండ తియ్యడం నీకిష్టమేనా కాదా అని అడిగితే బీడీ ముట్టించుకుని బయటికి పోయాడు. తర్వాత కూడా పండక్కో పబ్బానికో అడిగేవాణ్ని, మాట మార్చేవాడు. పొద్దున లేస్తే మాత్రం మళ్లీ ఖాళీ బిందెల ఆడవాళ్లను వెంటేసుకుని మున్సిపల్ ఆఫీసు మెట్లెక్కేవాడు. కేసు కొట్టేశారు, ఆ తర్వాత పైపు కూడా వచ్చింది, ప్రారంభానికి కొబ్బరికాయ కొట్టింది వేరేవాళ్లు. ప్రత్యేక రాష్ట్రం కోసం జనం రోడ్ల మీదికొచ్చిన ఆ ఏళ్లలో అతను మళ్లీ జైలుకు పోయాడు. ఈసారి వెనక్కి వస్తుంటే డప్పులు పెట్టి తెచ్చారు, జనం మా సందులో పట్టలేదు. అదే జైలు, అదే మనిషి. మొదటిసారి దొంగ, తర్వాత శవం, ఈసారి వీరుడు. అతను మాత్రం ఎప్పుడు చూడబోయినా బీడీలే అడిగాడు.

ఇప్పుడు నాచారంలో సైరన్లు లేవు, ఫ్యాక్టరీ జాగాల్లో అంతస్తులు లేచాయి. ఓట్లడగడానికి ఎవరూ గడపలోకి రావడం లేదు, చౌరస్తాలో నిలువెత్తు బొమ్మలు నిలబెడుతున్నారు, ఫోన్లలో పంపుతున్నారు. ఇక జైలుకు పోనక్కర్లేదు, బయట ఉన్న మనిషి కూడా ఎవరికీ కనబడడం లేదు. ఏడవమంటే ఏడుస్తున్నాం, ఉమ్మెయ్యమంటే ఉమ్మేస్తున్నాం. బోరు నీళ్ల రంగు చూసి ఓటు గురించి కొట్లాడుకున్న ఆ సందు నాకు గుర్తొస్తూనే ఉంటుంది.

రాష్ట్రం వచ్చిన ఏడు, మా ఆవిడ మొక్కు అప్పటిదాకా మిగిలిపోయిందని, తమ్ముణ్ని వెంటబెట్టుకుని అందరం కీసర గుట్టెక్కాం. దర్శనమయ్యాక పూజారి స్వామి మీది బంతిపూల దండ తీసి మా బామ్మర్ది మెడలో వేశాడు. అతను దాన్ని చేత్తో తడుముకుని, మెట్ల మీద నా పక్కన కూర్చుని నవ్వాడు. నేనేమీ అడగలేదు. అతనే అన్నాడు:

“అప్పుడు దండ ఉంచితె గెలుద్దును బావా, గది నాకెర్కనే. గని గెల్చి ఇంటికొస్తె, నాకోసం ఏడ్సిన గా ముసలమ్మ మొకం ఎట్ల జూద్దును? ఓడిపొయ్యి వస్తిని గాబట్టి తెల్లారి నల్లా కాడ మల్ల తిట్టింది. మస్తు మంచిగనిపించింది.”